మూడో ఆధారం

వినోద దోసెపిండి గిన్నె కడుగుతుంటే కూతురు ఇషిత ఫోన్ పట్టుకుని వంటింట్లోకి ఉరికొచ్చింది.

"అమ్మా, దొరికినయ్! మూడు వెబ్‌సైట్లల్ల ఒకటే ముచ్చట. మన గౌడవెల్లి బడికి జాగ ఇచ్చింది ముత్తాత రాజారావేనట!"

తొమ్మిదో తరగతి చరిత్ర ప్రాజెక్టు అది. ఊరి బడి ఎలా పుట్టిందో రాయాలి, మూడు ఆధారాలు చూపాలి. ఒక్కోదాని పక్కన 'వీళ్ళకు ఎలా తెలుసు?' అన్నదానికి జవాబు కూడా రాయాలంది టీచరమ్మ. గట్టి మనిషే.

వినోద తడిచేతులు కొంగుకు తుడుచుకుని చదివింది. రాజారావు సికింద్రాబాద్ నుంచి నల్లబల్లను ఎడ్లబండి మీద తెచ్చాడట. మూడింట్లోనూ అదే ఎడ్లబండి. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఆ బండి కట్టింది తనే మరి!

నాలుగేళ్ళ కింద భర్త నిఖిల్ బడి ముందు తాత పేరున కమాను కట్టించాడు. గుండ్లపోచంపల్లిలో ప్లాట్లు అమ్మే మనిషికి ఊళ్ళో పేరు కావాలి కదా. "నీకు ఎమ్మే హిస్టరీ ఉంది గద, కరపత్రం జెర జల్దీ కొట్టియ్యి. బయట నలుగురున్నరు, చాయ్ గూడ పెట్టు," అన్నాడు. జాగ తాతే ఇచ్చాడని ఆయన చెప్పినట్టే రాసింది; కింద రెండు వరుసలు ఖాళీ మిగిలితే ఏదో ఒకటి రాసెయ్యమన్నాడు. పొయ్యి మీద చాయ్ పొంగుతుంటే వినోద ఎడ్లబండి రాసింది. ఆ కరపత్రాన్ని ఎవరో నెట్‌లో పెట్టారు, ఇద్దరు చూసి రాసుకున్నారు. ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి చేసిన ఘనకార్యం ఇది! వచ్చినవాళ్ళకు నిఖిల్ ఆమెను పరిచయం చేసే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఇంట్లనే ఉంటది, ఖాళీ."

మర్నాడు ఖాళీ మనిషి తెల్లారకముందే లేచి వంట, బట్టలు, అత్త మందులు అన్నీ ముగించుకుని మేడ్చల్ గ్రంథాలయానికి పోయింది. అక్కడ పుస్తకాలు చూసుకునే పెద్దాయన శంకరయ్య అంతా విని తలూపాడు.

"నూరుమంది చెప్పిన్రా, ఒక్కడు చెప్పింది నూరుమంది అన్నరా, అది సూడాలమ్మా. బడి ముచ్చట బడిలనే ఎతుకున్రి. పాత తనిఖీ పుస్తకం ఉంటది, అడుగున్రి."

బడి బీరువా అడుగున ఆ పుస్తకం దొరికింది. 1961. ఇన్‌స్పెక్టరు గుండ్రటి చేతిరాత: 'పద్మమ్మ అను ఆమె, తన పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ముప్పావు ఎకరం చెల్క బడికి ఇచ్చెదనని నా ఎదుట ఒప్పుకొని వేలిముద్ర వేసినది.' కింద నల్లటి బొటనవేలి ముద్ర. పద్మమ్మ రాజారావు భార్య. చదువురాని ఆ వేలు చూడగానే వినోదకు కళ్ళు చెమర్చాయి. కానీ ఒక్క కాగితాన్ని నమ్మి ఊరుకోలేదు. తహసీల్ ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగి పాత పహాణీ నకలు తీసింది. భూమి పద్మమ్మ పేరు మీదే ఉంది. శెభాష్ వినోదా, అనుకుంది. ఇంకెవరు అంటారు కనుక!

రాత్రి అన్నాల దగ్గర నిఖిల్ ప్రాజెక్టు చదివాడు. శనివారం బడి వార్షికోత్సవం. ముఖ్య అతిథి ఆయనే, ఇషిత దాన్ని స్టేజీ మీద చదవాలి.

"ఏందిది? కమాను మీద తాత పేరుంటే గీమె ఎక్కడికెళ్ళి వచ్చింది? ఊరంత నవ్వుతది. నెట్ల ఉన్నది రాయి."

"నెట్ల ఉన్నది నేను రాసిందే."

"ఆ కాలంల ఆడోళ్ళకు భూమి ఏడిది?"

"ఏడిది ఏందిరా?" అంది అత్త అండాలు. పుస్తకం పడితే కూర మాడుతుందని పదహారేళ్ళుగా వినోదను సాధించిన మనిషి. "అది మా అత్త చెల్కనే. బడి గంట ఇనవడ్డప్పుడల్లా, 'అగో, నా చెల్క మోగుతాంది' అని మురిసేది."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?" అన్నాడు నిఖిల్.

"కమాను కట్టిన నాడు గూడ నన్ను పొయ్యికాడనే ఉంచితిరి. ఎవలడిగిన్రు?"

ఇషిత అప్పటికే రాసేస్తోంది. మూడో ఆధారం: నానమ్మ అండాలు. ఎలా తెలుసు: తన అత్త పద్మమ్మ నోట స్వయంగా విన్నది.

"ఇది చదివితే నేను స్టేజీ ఎక్క," అని కంచం జరిపాడు నిఖిల్.

"మీ ఇష్టం. బిడ్డ ఎక్కుతది," అంది వినోద. ఆ గొంతు తనదేనా అని తనకే ముచ్చటేసింది. కూతురి చేతిలో పెన్ను తీసుకుని అడుగున రాసింది: 'నమ్మకూడని ఆధారం: కమాను కరపత్రం. రాసినది: వినోద, ఎం.ఏ. చరిత్ర. ఎలా తెలుసు: ఎడ్లబండి నేనే కల్పించాను.'

నిఖిల్ తొంగిచూశాడు. "పిచ్చా నీకు? తప్పు కింద ఎవలన్న పేరు రాసుకుంటరా?"

"అప్పుడు మీరు రాయమంటే రాసిన, పేరు పెట్టలే," అంది వినోద. "గిది నా అంతట నేను రాసిన."