తోటకు మిగిలిన గీత

నీలవేణి నడుస్తూనే ఉంది. నేల తెల్లగా, కాస్త గరుగ్గా ఉండి అడుగు పడినచోటల్లా తడి పీల్చుకుంటోంది, ఎడమపక్కన నల్లటి గోడ, పైనా అదే గోడ, మలుపు తిరిగి కుడిపక్కకూ అదే దిగుతోంది, తోస్తే చేతికి సిరా అంటుతోంది గాని గోడ కదలదు. కుడితిలో పడ్డ ఎలుకలా తిరుగుతోంది. ఇది మాస్టారి కాగితమేనని, "తోట" అనే చైనా అక్షరంలో తాను ఇరుక్కుపోయానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

గోడ లేని కిందివైపు అప్పలనరసయ్య మాస్టారు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఓడల్లో పనిచేస్తూ చైనా రేవుల్లో కుంచెరాత నేర్చుకుని, విశాఖపట్నం వచ్చి ఆమెకు నేర్పిన మనిషి. ఈ అక్షరానికి లోపలి గీతలన్నీ అయ్యాక ఆఖర్న వేసి మూసే అడుగుగీత ఒక్కటి మిగిలి ఉండగా, టీ తాగొస్తానని లేచి గుమ్మం దాటకుండానే కన్నుమూశారు. ఆ గీత నువ్వే గీసెయ్యమని ప్రదర్శన పెట్టేవాళ్లు నీలవేణి ప్రాణం తోడేస్తున్నారు. గీయకపోతే గోడకెక్కించరట.

ఆయన చేతిలో కుంచె మనిషంత పొడవుంది, కాసేపటికి పడవ తెడ్డయింది, చివర సిరాబొట్టు వేలాడుతోంది.

"మాస్టారూ, గీసెయ్యకండి! నేను లోపలున్నాను!"

"మనుసులు లోపలికొచ్చాకే కదే తలుపెయ్యాలి? చిన్నప్పుడు నీకు నేర్పిందదే."

"నన్ను బయటికి రానివ్వండి."

"వద్దన్నదెవులు? గీసెయ్యాలని గోల పెడతన్నది నువ్వు. కుంచె ఎవులి చేతిలో ఉందో సూడు."

కుంచె ఆమె చేతిలోనే ఉంది. కాళ్లు నేలలో ఇంకిపోయాయి, చెయ్యి మాత్రం తనంతట తానే కిందికి వంగుతోంది. భయంతో పాటు ఆయన మీద కోపమూ ముంచుకొస్తోంది. "అంత అర్ధాంతరంగా పోతారా? మీ ఆఖరి పని అరకొరగా వదిలేస్తే జనం ఏమంటారు?"

"జనానికేటి, ఏదో ఒకటంటారు. నానెల్లింది అటేపునుంచేనే తల్లీ. అది కూడా మూసేస్తే, నిన్ను సూడ్డానికి మళ్లీ ఎటేపునుంచి రాను?"

సిరాబొట్టు జారుతోంది. నీలవేణి రెండో చేత్తో తన మణికట్టునే పట్టుకుని వెనక్కి లాగింది.

మెలకువ వచ్చింది. తల బల్ల మీదే ఉంది, కుడి మణికట్టు ఎడమచేతి గుప్పిట్లోనే ఉంది. గీత గీద్దామని సిరాలో ముంచిపెట్టుకున్న కుంచె ఆరిపోయి గట్టిపడింది. ఆమె లేచి దాన్ని కడిగి కొక్కేనికి తగిలించింది. తిరిగొచ్చేసరికి, చల్లారిన టీ గ్లాసు దగ్గర్నుంచి బయలుదేరిన చీమ ఒకటి కాగితమెక్కి, గీత లేని వైపునుంచి తోటలోకి నడుస్తోంది.