రేవుగొంతు తీసేసిన రోజు

సుభాషిణికి శుభ్రం పిచ్చి. అది వాళ్ళమ్మ నుంచి వచ్చింది. అన్నం తిన్నాక ఆకు ఎత్తి, నీళ్ళు చిలకరించి, అక్కడ ఎవరో కూర్చుని తిన్నారన్న ఆనవాలు లేకుండా తుడిస్తేగాని ఆ ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. ఇసుక గుమ్మం దాటి కంచంలోకి వచ్చే మా మైపాడులో ఈ శుభ్రం ఎన్నాళ్ళు సాగుతుందిలే అని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఇప్పుడు చెయ్యం.

నెల్లూరులో ఒక చిన్న కంపెనీకి ఆమె ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. సైటు నడపడానికి తయారుగా ఒక సాఫ్ట్‌వేరు ఉంటుందట, పడవ లాగా. దానికి రాని పని చేయించాలంటే ప్లగిన్ అనే ముక్క తగిలించాలి, పడవకు ఇంజను బిగించినట్టు. వద్దనుకుంటే విప్పెయ్యొచ్చు. మా మత్స్యకారుల సంఘం సైటు నడిచేది అలాగే. అందులో చేపల ధరలుంటాయి, గాలివాన కబుర్లుంటాయి, ఎవరికీ అక్కర్లేని సన్మానాల ఫోటోలుంటాయి. దానికోసమని సుభాషిణి సొంతంగా ఒక ప్లగిన్ రాసి రేవుగొంతు అని పేరు పెట్టింది. పేజీలో ఎర్ర బొత్తాం నొక్కి మాట్లాడితే ఆ మాట అక్కడే నిలిచిపోతుంది. ఎవరైనా, ఎప్పుడైనా వినొచ్చు.

అందులో మొదట గొంతు విప్పింది ఆమె పెదనాన్న వెంకయ్య. అలివి వల లాగేటప్పుడు ముందు గొంతు ఎప్పుడూ ఆయనదే. ఒడ్డున తాళ్ళు పట్టుకుని మేమంతా వెనక్కి నడుస్తుంటే ఆయన ఒక పదం అనేవాడు, మేం తిరిగి అందుకునేవాళ్ళం. నడుం నొప్పి సగం ఆ పాటతోనే పోయేది. బొత్తాం నొక్కి పాడిన రోజు మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. బీడీ దగ్గు. ఆ ముక్కవరకూ కత్తిరించేస్తానంది సుభాషిణి.

"దగ్గు ఉండనీమే. అది లేకపోతే నేనేనని ఎవురు నమ్ముతారు?" అన్నాడు వెంకయ్య.

దగ్గు ఉండిపోయింది. మనిషే ఉండలేదు. ఈ ఏడు వానలు మొదలవకముందే గుండె ఆగి పోయాడు.

అప్పటి నుంచి ఆయన భార్య మాలకొండమ్మ పొద్దున్నే చేపల గంప ఎత్తుకునే ముందు ఆ పాట వినేది. ఆమెకు ఫోను వాడటం రాదు. కొడుకు పెంచల్ తెర మీద ఒక గుర్తు పెట్టిచ్చాడు, దాన్ని తాకితే మొగుడు పలుకుతాడు. నెల్లూరు బస్సులో కూడా వినేది, పక్కవాళ్ళు విసుక్కున్నా లెక్కచేసేది కాదు. బొడ్డుసంచిలో ఫోను లేకుండా ఆమె గడప దాటగా నేను చూడలేదు.

ఈలోగా సుభాషిణి రేవుగొంతును లోకానికి వదిలింది. ప్లగిన్లన్నీ అందరూ ఉచితంగా దించుకునే చోటు ఒకటి ఉందట, అక్కడ పెట్టింది. పెట్టేముందు అక్కడివాళ్ళు పరీక్షించి, మీ ప్లగిన్ ఎవరైనా తీసేస్తే దాని చెత్త వాళ్ళ సైటులో మిగలకుండా చూడండి అని సలహా రాశారు. సుభాషిణికి ఈ మాట ఒకరు చెప్పాలా! తీసేసిన మరుక్షణం దాని గుర్తులన్నీ, గొంతులతో సహా, తుడిచిపెట్టుకుపోయేలా రాసింది. "గొంతులు కూడా తీసెయ్యమంటారా?" అని ముందుగా ఒక ప్రశ్న పెడదామా అనుకుంది కూడా. తెర గజిబిజిగా కనిపిస్తుందని మానుకుంది. ఇంత శుభ్రమైన ప్లగిన్ చూడలేదని ఎక్కడి మనిషో ఐదుకు ఐదు చుక్కలిచ్చి మెచ్చుకుంటే, ఆ మెప్పు వీధి వీధంతా తిప్పి చూపించింది.

ఆ తర్వాత ఒక కొత్త వెర్షను వదిలింది. అందులో ఏదో చిన్న లోపం. పాత ఫోన్లలో పాట మొదలై ఆగిపోతోంది. మాలకొండమ్మ ఫోను పాతదే. సంఘం సైటు చూసుకునేది పెంచలే కాబట్టి బాగుచెయ్యమని తల్లి అతని ప్రాణం తీసింది.

ఇక్కడ మావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఇంజను మొరాయిస్తే మా రేవులో ఎవరూ మెకానిక్కు కోసం పరుగెత్తరు. విప్పి, ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ బిగిస్తారు. చాలాసార్లు అంతటితో కదులుతుంది. వెంకయ్య కొడుక్కి నేర్పిన మొదటి పని ఇదే. పెంచల్ ఎవరినీ అడగకుండా రేవుగొంతును తీసేశాడు, కొత్తగా దించి మళ్ళీ తగిలించాడు. ఎర్ర బొత్తాం మెరిసిపోతూ వచ్చింది. దాని కింద ఒక్క గొంతూ లేదు.

వెంటనే సుభాషిణికి ఫోను చేశాడు. "చెల్లా, నాయన పాట కనపడలా. యాడన్నా దాచిపెట్టినావా?"

"నువ్వేం చేసినావన్నా?"

"ఏం లేదు. ఇప్పి బిగించినా, అంతే."

సుభాషిణి ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. బ్యాకప్ తెరిచి చూసింది. ధరలున్నాయి, సన్మానాల ఫోటోలు ఒక్కటీ పోకుండా ఉన్నాయి. గొంతులు లేవు. బరువెక్కువని వాటిని బ్యాకప్‌లో చేరకుండా తప్పించింది తనే. సర్వరు వాళ్ళను బతిమాలితే, తుడిచేశాక మా చేతుల్లో ఏమీ లేదన్నారు. ఎవరి ఫోనులోనైనా ఉందేమోనని ఇల్లిల్లూ తిరిగింది. అందరి దగ్గరా లింకు ఉంది, పాట లేదు. సైటులో ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం మేమందరం.

తప్పు నాదంటే నాదని అన్నాచెల్లెళ్ళు తగువు పడ్డారు. నన్నడిగితే పెంచల్‌ను ఏమీ అనను. ఇంజను విప్పితే పట్టిన చేపలు కూడా పోతాయని ఎవరు అనుకుంటారు?

సుభాషిణి చేతులు కాలాక ఆకులు పట్టుకుంది. గొంతులు తీసెయ్యమంటారా అన్న ఆ ప్రశ్నను చేర్చి మరో వెర్షను వదిలింది. ఈ ప్రశ్న విసుగ్గా ఉంది, తీసెయ్యండి అని ఐదు చుక్కల మనిషే సణుగుతూ రాశాడు. ఆమె తియ్యలేదు. కానీ మాలకొండమ్మ ఇంటివైపు వెళ్ళే ధైర్యం చెయ్యలేదు. పెంచల్ తల్లితో సిగ్నలు లేదని అబద్ధమాడాడు. ఆమె నమ్మింది. రోజూ ఆ గుర్తు తాకి, కాసేపు చూసి, సిగ్నలును తిట్టుకుంటూ బస్సెక్కేది. ఆ సంగతి తెలిశాక సుభాషిణికి ఇక అన్నం సహించలేదు. తోడు రమ్మని నన్ను పిలిచింది.

మేం వెళ్ళేసరికి మాలకొండమ్మ వాకిట్లో గట్టు మీద కూర్చుని కానాగంత చేపలు గంపలో సర్దుతోంది. పెంచల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సిగ్నలు కాదు పెద్దమ్మా," అంది సుభాషిణి. "పెదనాయన పాట పోయినాది. నేను రాసిందే దాన్ని తుడిచేసినాది."

"పోయినాదంటే? మళ్ళా రాదా?"

"రాదు."

మాలకొండమ్మ చేతిలో చేపను గంపలో పెట్టింది. "మధ్యలో దగ్గుతాడు గదా. ఆ దగ్గు గూడానా?"

"దగ్గు కూడా పెద్దమ్మా." సుభాషిణి ఏడ్చేసింది. "తీసేముందు ఒక్క మాట అడిగేటట్టు రాయాల్సింది. నాకు తెలుసు. తెలిసీ రాయలా."

మాలకొండమ్మ ఆమెను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్ళు మూసుకుని సన్నగా పాట మొదలుపెట్టింది. మొదటి పదం సరిగ్గానే వచ్చింది. నా నోరు దానంతటదే తిరిగి అందుకుంది. దగ్గు వచ్చే చోట ఆగింది, ఆయన దగ్గినంతసేపూ ఆగి, కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"ఆపైన ఏందబ్బయా? నువ్వు లాగినోడివే గదా, చెప్పు."

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ వల లాగాను. పెంచల్ కూడా లాగాడు. మాకు వచ్చింది తిరిగి అందుకోవడమే. ఆయన ముందు ఏమనేవాడో మాలో ఒక్కరమూ నేర్చుకోలేదు. నాకు సిగ్గేసింది.

బస్సు హారను వినిపించింది. మాలకొండమ్మ చీర చెంగు చుట్టకుదురులా చేసి తలమీద పెట్టుకుంది. గంప ఎత్తమని సుభాషిణికే చెప్పింది, సుభాషిణి ఎత్తింది. ఫోను గట్టు మీదే ఉండిపోవడం చూసి పెంచల్ పిలిచాడు. "అమా, ఫోను మర్చిపోయినావు."

"మర్చిపోలేదురా," అని ఆమె బస్సు కేసి నడిచింది.