అంచులరిగిన టైరు

వాలు దిగగానే బండి ఆపి, ముందు కుడి టైరు అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కి, ఆ వేలిని అలాగే చుట్టూ జరుపుకుంటూ పోయాడు నత్త. రోజూ పొద్దున్నే చేసే పనే. ముఖం కడుక్కోవడం మర్చిపోయిన రోజులున్నాయి గాని, టైర్లు తడమడం మర్చిపోయిన రోజు లేదు. మధ్యలో గాట్లు ఇంకా వేలికి గట్టిగానే తగులుతున్నాయి. అంచుల్లో మాత్రం ఏమీ లేదు, నున్నగా గుండు. ఒకచోట రబ్బరు చీలి లోపలి దారాలు కూడా బయటపడ్డాయి.

నత్త అతని అసలు పేరు కాదులెండి. సామాన్ల బళ్ళ స్టాండులో తోటి డ్రైవర్లు పెట్టింది. "ఏం నత్తా, ఇవాళ బయల్దేరితే ఎల్లుండికి చేరతావా?" అని వాళ్ళ పరాచికం. వయసులో ఉండగా ఇదే స్టాండులో అందరికంటే ముందు చేరినవాడు అతనే. అక్క వెన్నుకి జబ్బు చేశాక కాలు బ్రేకు మీదికి పోయింది, అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. జాలికంటే నత్తే నయం.

రాత్రి వాన పడింది. ఇంటినుంచి కిందికి దిగే మట్టిదారి జిగటజిగటగా ఉంది. అసలే అది అటు రోడ్డూ కాదు, ఇటు వాగూ కాదు. అందులో గుంటలకి అక్క పేర్లు కూడా పెట్టింది. మొదటిది పెద్దమనిషి, పక్కకి తప్పుకుని దారివ్వాలి. రెండోది అత్తగారు, చెప్పాపెట్టకుండా తగులుతుంది. పైన మలుపులో జంటగా ఉన్న రెండూ తోడికోడళ్ళు, ఒకదాన్ని తప్పించుకుంటే రెండోదానికి కోపం. ఇవాళ అత్తగారి దగ్గర బండి వెనకభాగం పక్కకి ఈడ్చేసింది. ఖాళీ బండి దిగడానికే ఇంత తంటా అయితే, సాయంత్రం అక్కని కూచోబెట్టుకుని ఎక్కడమెలా? పొద్దున్నుంచీ ఆ ఆలోచన చెప్పులో రాయిలా గుచ్చుతోంది.

ఆసుపత్రిలో పెద్దడాక్టరు నిన్ననే తేల్చేశాడు. "ఇక మేం చేసేదేమీ లేదయ్యా. ఎముకలన్నిటికీ పాకింది. ఇంటికి తీసుకెళ్ళు, ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటుంది. దారిలో మాత్రం కుదుపు తగలనివ్వకు." ఆ చివరి మాట ఎంత తేలిగ్గా అనేశాడో! ఈ దారి చూసుంటే అనేవాడు కాదు.

అద్దం బీరువా ఒకటి చేరవేసే పని ముందే ఒప్పుకున్నాడు. పాత బొంతలు చుట్టి, తాడు బిగించి, ఊరికి ఆ చివరనుంచి ఈ చివరికి తెచ్చాడు. దారి పొడుగునా వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు. దించాక ఇంటావిడ బొంత విప్పి చూసి, "గీతయినా పడలేదే!" అంది. అద్దంలో తన ముఖం కనిపించింది నత్తకి. గడ్డం మాసింది, కళ్ళకింద సంచులు. అయినా కాస్త ధైర్యం వచ్చింది. అద్దం వచ్చిందంటే అక్క కూడా వస్తుంది.

అక్క వార్డులో తల దువ్వుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, మంచం అంచున కూచుని ఉంది. మనిషి సగమైంది. చేతులు మాత్రం ఇంకా పెద్దవే. లారీలకి టార్పాలిన్లు కుట్టిన చేతులవి. ఆ బరువు గుడ్డ మిషను కిందికి తోసీ తోసీ వంగిపోయిన నడుమే తమ్ముణ్ణి పెంచింది. అమ్మ పోయేటప్పటికి వాడింకా గుండీలు పెట్టుకోవడం రానివాడు.

"ఇంతసేపా? దారిలో పెళ్ళేమన్నా చేసుకొస్తున్నావా?" అంది.

"నువ్వు లేకుండానా?"

"అదీ నిజమే. అక్షింతలు వేసేవాళ్ళుండాలిగా."

నర్సు అతన్ని పక్కకి పిలిచింది. "నొప్పి తెలియకుండా సూది వేశాను. సాయంత్రం దాకా పనిచేస్తుంది. ఆలోగా ఇల్లు చేర్చు." తల ఊపాడు. నలుగురు పట్టి అక్కని బండి ముందుసీటులో కూచోబెట్టారు. ఆ సీటుకి దూది కూరి అక్కే కుట్టిన పరుపు ఉంది. తలుపు పైన పట్టుకోవడానికి బెల్టు ముక్కతో ఓ పట్టీ కూడా కుట్టుకుంది. కూచోగానే చెయ్యి ఆ పట్టీ మీదికే పోయింది.

"తిన్నగా ఇంటికే కదరా?"

"టైర్లు మార్చాలక్కా. వీటితో మన వాలు ఎక్కదు."

"సరే, తొందరగా కానియ్. నా మంచం మీద పడుకోవాలనుంది. ఇక్కడి మంచాలకి మనుషులంటే లెక్కలేదు."

టైర్ల కొట్టు బైపాసు పక్కన ఉంది. రేకుల షెడ్డు, నేలంతా నల్లటి నూనె మరకలు, గోడ పొడుగునా నిలువెత్తు టైర్ల వరసలు, లోపల కొత్త రబ్బరు ఘాటు. అక్కకి నీడలో కుర్చీ వేయించి, సీటు మీది పరుపు తెచ్చి అందులో పరిచాడు. టైర్ల మేస్త్రి చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని వచ్చాడు. ఆయన మనుషుల ముఖం చూసి మాట్లాడడు, చక్రాల ముఖం చూసే మాట్లాడతాడు.

"ఈ బండికి గాలి కొట్టిస్తావా, లేక ఉపవాసాలు పెట్టించావా?"

మేస్త్రి సుద్దముక్కతో టైరు మధ్యలో గీత గీశాడు.

"మధ్యలో చూడు, కొత్తదానిలా ఉంది. అంచులు రెండూ గుండు. నాలుగూ అంతే. గాలి తక్కువ పెట్టి తోలితే ఇలాగే అరుగుతాయి. ఇంకా బోలెడన్నాళ్ళు రావలసిన టైర్లు, చేతులారా చంపుకున్నావు. బరువులు మోసే బండికి ఎవడైనా గాలి తీస్తాడా? ఎవడు నేర్పాడయ్యా నీకు డ్రైవింగు?"

నత్త నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కుర్చీలోంచి అక్క అతన్నే చూస్తోంది.

"ఒరేయ్, ఎప్పట్నుంచి?"

"ఏది?"

"గాలి."

"అదేం లేదులే."

"కుదుపు తగ్గితే నేనింకా గుంటలు పూడ్చారేమో అనుకున్నాను," అని అక్క ముఖం అటు తిప్పుకుంది.

మేస్త్రి టైర్లు దొర్లించుకొచ్చి నిలబెట్టాడు. "ఇది రోడ్డు టైరు. కారులో పోయినట్టుంటుంది. బురదలో పెట్టావో, సబ్బు మీద కాలేసినట్టే. ఇది బురద టైరు. గోడైనా ఎక్కుతుంది, నీ ఒళ్ళు మాత్రం హూనం. నీలాంటివాడికి ఈ మధ్యరకం, ఆల్ టెరెయిన్ అంటారు. రోడ్డుకీ రాయికీ బురదకీ పనికొస్తుంది. ఇందులో మళ్ళీ రెండు. దీనికి పక్కగోడ మందం, ఎంత బరువైనా మోస్తుంది, కాస్త గట్టిగా కొడుతుంది. దీని పక్కగోడ పల్చన, మెత్తగా పోతుంది. బరువేసి రాళ్ళ మీద తోలితే చీలుతుంది. ఏదంటావు?"

"కుదుపు లేనిది ఏది?"

"కుదుపు అసలే లేకుండా కావాలంటే మంచం కొనుక్కో."

అక్క నవ్వింది. నవ్వితే నడుంలో కలుక్కుమన్నట్టుంది, పళ్ళు బిగించింది. అది చూశాక నత్తకి ఉన్న కాస్త బుర్రా పనిచేయడం మానేసింది. రెండు టైర్ల మధ్య గొంతుక్కూచుని దీని పక్కగోడ నొక్కాడు, దాని పక్కగోడ నొక్కాడు. మళ్ళీ దీన్ని. మెత్తటిది వేయిస్తే ఇవాళ అక్క హాయిగా ఇల్లు చేరుతుంది. రేపట్నుంచి సిమెంటు బస్తాలు, ఇటుకలు, కొండరాళ్ళ దారులు. గట్టిది వేయిస్తే రేపటి తిండికి ఢోకా లేదు. మరి ఇవాళ అక్క నడుం? మేస్త్రి ఇంకో బండి చూసి, చక్రం విప్పి, బిగించి, తిరిగొచ్చాడు. నత్త అలాగే కూచుని ఉన్నాడు.

"ఒరేయ్, టైర్లని చూసినంత శ్రద్ధగా పెళ్ళిచూపుల్లో పిల్లల్ని చూసుంటే నా మేనకోడలికి కూడా ఈపాటికి పెళ్ళయ్యేదిరా," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, "గట్టిది వేయించుకో. బరువులు మోసుకుని బతికేవాడివి. నాదెంత, ఇవాళొక్క రోజు ప్రయాణం. ఓర్చుకుంటాను," అంది.

ఆ మాటతో తేలిపోయింది. గట్టిది తీసుకోవడమంటే, అక్క లేని రోజులకి టైర్లు కొనుక్కోవడమే. లేచి నిలబడ్డాడు.

"మేస్త్రీ, మెత్తటిది వెయ్యి."

"మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా!" అంది అక్క.

జాకీ పెట్టి లేపారు, పాత టైర్లు ఊడదీసి మూలకి విసిరారు. అక్క వాటికేసి చూస్తూ, "అందులో ఒకటి బండిలో వెయ్యరా. గుమ్మం ముందు పెట్టుకుని, మీద పరుపేసి కూచుంటాను. ఎండ తగులుతుంది," అంది. కూచునే కాలం ఇంకా ఉందని అక్క నోటివెంట విన్నాక నత్తకి ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి ఒక టైరు ఎత్తి వెనక వేశాడు.

"గాలి నిండుగా పెట్టాను. తగ్గించావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు," అన్నాడు మేస్త్రి, ఎప్పట్లాగే చక్రంతోనే.

ఊళ్ళో రోడ్డు మీద బండి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. "మెత్తగా ఉందిరా," అంది అక్క. రెండు వీధులు దాటాక మళ్ళీ అంది. నత్తకి ఒళ్ళంతా సంతోషమే. పొద్దు వాలింది. ఊరు దాటి కంకరరోడ్డు వచ్చేసరికి అక్క మాటలు తగ్గాయి. పట్టీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. సూదిమందు దిగిపోతోందని అతనికి అర్థమైంది. టైర్ల ముందు కూచున్న సేపంతా గుర్తొచ్చింది. తొందరగా తోలితే కుదుపు, మెల్లిగా తోలితే ఆలస్యం. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తోచలేదు.

వాలు మొదట్లో బండి ఆపాడు. పైన ఇల్లు కనిపిస్తోంది. గుమ్మం కనిపిస్తోంది.

"అక్కా, ఒక్క నిమిషం. దిగి కాస్త గాలి తీసొస్తా."

"మళ్ళీనా? ఆయన తిడతాడురా."

"ఆయనేం చూడొచ్చాడా?"

"సరే కానియ్," అంది అక్క, కళ్ళు మూసుకుని. "ఇల్లు కనబడుతోందిగా."

బురదలో మోకాళ్ళూని ముందు చక్రం వాల్వు నొక్కాడు. గాలి సుయ్యిమంది. టైరు కింద కాస్త పరుచుకునేదాకా నొక్కి, బొటనవేలితో చూసి, రెండోదానికి పోయాడు. తర్వాత వెనకవి. ఏమాత్రం ఎక్కువ తీసినా బురదలో టైరు రింగు నుంచి ఊడిపోతుంది, అందుకని జాగ్రత్తగా తీశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి తలుపు తీశాడు.

అక్క చెయ్యి పట్టీ మీద లేదు. ఒళ్ళో ఉంది. ఈ దారిలో ఆ చెయ్యి ఎప్పుడూ పట్టీ వదల్లేదు.

"అక్కా."

చెయ్యి తీసి పట్టీలో పెట్టాడు. జారి మళ్ళీ ఒళ్ళోనే పడింది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. రబ్బరు వాసన వేసే ఆ వేలికి ఊపిరి తగల్లేదు.

ఏడవాలని తోచలేదు. ముందు కోపం వచ్చింది, తనమీద. ఆ కొట్లో అంతసేపు దేనికి కూచున్నాను? ఏదో ఒకటి వేయించుకుని వచ్చేసుంటే ఈపాటికి అక్క తన మంచం మీద ఉండేది కదా. వెనక్కి ఆసుపత్రికి తిప్పనా అనుకున్నాడు. వాళ్ళేం చేస్తారు? ఇంటికి తీసుకెళ్ళమన్నదీ వాళ్ళే. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

తర్వాత అక్క పక్కకి ఒరగకుండా పరుపు సర్ది, బండి మొదటి గేరులో వేశాడు.

ఇక ఎలా తోలినా ఒకటే. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా పెద్దమనిషికి ఎప్పట్లాగే పక్కకి తప్పుకుని దారిచ్చాడు. అత్తగారిని ముందే చూసుకుని, బ్రేకు మీద కాలుంచి, చక్రాన్ని గుంట అంచు మీదుగా మెల్లిగా దింపాడు. కొత్త టైర్లు బురదని గట్టిగా పట్టుకున్నాయి, ఒక్కసారి కూడా జారలేదు. తోడికోడళ్ళ దగ్గర ఎడమచెయ్యి చాపి అక్క భుజం పట్టుకున్నాడు. బండి రెండిటి మధ్యనుంచి పోయింది. ఒక్క కుదుపు లేదు. అక్క తల కొంచెమైనా కదల్లేదు. ఇన్నేళ్ళలో అంత బాగా ఆ వాలు ఎప్పుడూ ఎక్కలేదు.

గుమ్మం ముందు ఇంజను ఆపి, అక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి ఆమె మంచం మీద పడుకోబెట్టాడు. అప్పుడొచ్చింది ఏడుపు. ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో దీపం పెట్టారు, ఎవరో బండి తలుపు మూశారు.

బండి వెనక ఆ పాత టైరు అలాగే ఉంది, రెండంచులూ నున్నగా అరిగి, మధ్యలో గాట్లు మాత్రం ఇంకా కొత్తవాటిలా.