చీమలు పట్టిన గోడ

తెలంగాణ ప్రకటన వచ్చేదాకా లేవనని దీక్షలో పడుకున్న భిక్షపతి మీద నజీర్‌కు అనుమానం పుట్టింది. సిద్దిపేట శిబిరం బాధ్యత నజీర్‌దే. దీక్షలో ఉన్నవాళ్లు మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకూడదు. పక్క పరుపు మీది ఐలయ్యకు మూత్రం చిక్కటి పసుపులోకి తిరిగింది. భిక్షపతికి మాత్రం తెల్లగా, నీళ్లలాగే. మాటిమాటికీ గుడారం వెనక గోడ దగ్గరికి పోతున్నాడు. ఆ గోడ మొదట్లో చీమలు బారులు కట్టాయి.

"నజీర్ భాయ్, చూసినవా? మనోడు చాటుకు చక్కెర నీళ్లు తాగుతుండు" అన్నాడు ఐలయ్య. "పేపరోళ్లకు ఎరుకైతే మన ఇజ్జత్ ఏంగావాలె?"

నజీర్ భిక్షపతి సీసాలోని నీళ్లు నాలుకకు తగిలించుకున్నాడు. చప్పగా ఉన్నాయి. దిండు ఎత్తి చూశాడు. ఏమీ లేదు. అయినా మనసు ఒప్పలేదు. భిక్షపతి భార్య కొండవ్వ రాగానే అడ్డం పడ్డాడు.

"వదినె, కొంగుల ఏం దెస్తున్నవ్?"

కొండవ్వ కొంగు విప్పి దులిపింది. "సూడు, మంచిగ సూడు! నా మొగనికి దొంగ తిండి పెడ్తనా?"

"మరి ఆయన పోసినకాడ చీమలెందుకు వడ్తున్నయి?"

ఆమె గొంతు తగ్గింది. "గీడ గూడనా? ఇంటికాడ ఆయన పోసే మోరీల బతుకమ్మ పండుగ సంది గట్లనే. బెల్లం డబ్బ అటకెక్కించిన. అయినా పోతలెవ్వు."

నజీర్‌కు చటుక్కున తట్టింది. తన తల్లి మున్నీబీకి షుగర్ బయటపడింది అలాగే. ఆగని దాహం, మోరీ కాలువలో చీమలు.

"లే భిక్షపతీ, దవాఖానకు పోదాం."

"ఇప్పుడు లేస్తే దొంగతనంగ తాగిండు, దొరికిండు అంటరు. సచ్చినా లేవ."

నజీర్ మైకు అందుకున్నాడు. "అన్నలారా, భిక్షపతి ఏం తాగలే. ఒంట్లనే చక్కెర బీమారున్నట్టుంది. ఆయన జాగల నేను కూసుంటున్న." భిక్షపతి మెడలోని దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. అప్పుడు లేచాడు భిక్షపతి.

మధ్యాహ్నానికి కొండవ్వ కబురు పంపింది: షుగర్ బాగా ఎక్కువుంది, దవాఖానలో చేర్చుకుని సెలైన్ ఎక్కిస్తున్నారు, ఇంకో పూట ఆగితే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు తిట్టాడు.

నజీర్ నిట్టూర్చి, కాసిని నీళ్లు తాగి, గోడ దగ్గరికి వెళ్లొచ్చాడు. తిరిగొచ్చేసరికి ఐలయ్య అతని సీసా మూత తీసి వాసన చూస్తున్నాడు.