గాలికి పెట్టిన దీపం

సాలూరు పేరులోనే ఉంది దాని సంగతంతా. నాలుగు లారీలుంటే సాలు, అదే ఊరు. అక్కడ పసిబిడ్డ హారన్ మోతకి ఉలిక్కిపడకపోతే "మనోడే" అని మురిసిపోతారు. ఆ ఊళ్ళో, కొండ రోడ్డుకి వెళ్ళేవైపు, జ్ఞానానందం గాలికొట్టు ఉంది. గాలి కొట్టే కొట్టు కాబట్టి గాలికొట్టు. ముప్పై ఏళ్ళుగా గాలి మీదే బతుకుతున్నా తాను గాలిమనిషిని కానని అతని గొప్ప. పేరులో జ్ఞానం ముందు, ఆనందం వెనక. బతుకులో ఆ వరస తిరగబడుతుందని అతనికి ఆ వేసవిదాకా తెలియదు.

అతనికొక నియమం ఉంది. పరుగు మీద వచ్చిన బండి టైరు ముట్టడు. డ్రైవరు ఎంత తొందరపడినా సరే, బండిని నీడన పెట్టించి ఎదురుగా ఉన్న టీకొట్టు చూపిస్తాడు.

"ఎండలో పరిగెట్టి వచ్చినోడి ఒళ్ళు ముట్టుకుంటే జొరమే ఉంటాది. ముందు సల్లారనీ. టైరూ సల్లారాలి, నువ్వూ సల్లారాలి."

రోజూ పొద్దున్నే, ఎండ ముదరకముందే, వరసగా నిలబడిన లారీల చుట్టూ ఇనప రాడ్డు పట్టుకుని తిరుగుతాడు. టైరుకొక దెబ్బ. ఖంగుమంటే గాలి సరిపోయినట్టు, దబ్బుమంటే తగ్గినట్టు. ఊరంతా అతని చెవి మీద నమ్మకంతో ఘాటురోడ్డెక్కేది.

ఒకరోజు కూతురు దీవెన పక్కన నిలబడి ఉండగా, దబ్బుమన్న టైరుని చూసి "బాగుంది, పోనీ" అన్నాడు.

"నాన్నా, అది దబ్బుమంది."

జ్ఞానానందం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కొట్టి, తల ఎడమవైపు తిప్పి విన్నాడు. "కంప్రెసరు మోతకి కుడి సెవి రాజీనామా ఇచ్చేసినాదే అమ్మీ. ఎడం సెవికి అదనపు బాద్యతలు అప్పగించినాను," అని నవ్వాడు.

దీవెన నవ్వలేదు. విజయనగరంలో ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు చదివి, అక్కడే ఒక చిన్న వర్క్‌షాపులో పని చేస్తూ రోజూ బస్సులో వచ్చిపోయే పిల్ల. ఆ రోజు నుంచి మూడేళ్ళు ఆ పిల్ల టంకం వేసే కడ్డీ వదల్లేదు.

మూడేళ్ళకి వస్తువు తయారైంది. టైరు వాల్వుకి మూత బదులు బొటనవేలంత బిళ్ళ బిగించాలి. అది లోపలి గాలి ఒత్తిడి కొలిచి, డ్రైవరు ముందున్న పెట్టెకి వైరు లేకుండానే కబురు పంపుతుంది. పెట్టె మీద అంకె కనబడుతుంది. గాలి హద్దు దాటి పెరిగినా, హద్దు దాటి తగ్గినా ఎర్ర దీపం వెలిగి కూత పెడుతుంది. గాలికబురంటే నమ్మకూడదని పెద్దలన్నారు గానీ, ఇది నమ్మి తీరాల్సిన గాలికబురు.

"గాలిలో దీపం పెట్టి దేవుడి మీద బారం ఏసినోళ్ళని సూసినాను. గాలికే దీపం పెట్టినాది నా కూతురు!" అని జ్ఞానానందం టీకొట్టులో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, చివరికి తూకం వేస్తున్న కూరలమ్మే ఆమెకి కూడా చెప్పాడు.

హద్దులు పెట్టేటప్పుడు దీవెన అతన్నే అడిగింది. అతను అప్పుడు ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"నాన్నా, లారీ టైరుకి గాలి ఎంత ఉండాలి?"

"నూట పది."

"నూట ఇరవై అయితే?"

"నూట ఇరవై ఎవుడు కొడతాడు? శానా ఎక్కువ."

"ఎంతకి దిగితే ప్రమాదం?"

"ఎనబైకి దిగితే బండి కదలకూడదు."

నూట ఇరవై పైహద్దు, ఎనభై కిందిహద్దు. దీవెన రాసుకుంది. ఆ నాలుగు మాటల మధ్య గాలి దూరేంత సందు ఉందని ఇద్దరికీ తోచలేదు. జనవరి చలిలో ఒక ఖాళీ లారీకి బిగించి విజయనగరం దాకా పదిసార్లు తిప్పారు. దీపం ఒక్కసారీ వెలగలేదు. పాస్‌ అయిందనుకున్నారు.

మే నెలలో రంగనాథం షావుకారు తన ఏడు లారీల్లో ఒకటి ఇచ్చాడు. పది చక్రాల బండి. డ్రైవరు జోగయ్య ఇరవై ఏళ్ళుగా జ్ఞానానందం దగ్గర తప్ప గాలి కొట్టించనివాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకుంటారు. జ్ఞానానందం తెల్లవారగానే పది టైర్లకీ నూట పది కొట్టి బిళ్ళలు బిగించాడు. దీవెన కేబినెక్కి పెట్టె చూపించింది.

"దీపం వెలిగితే బండి ఆపి గాలి చూసుకో మావయ్యా."

"అలగే తల్లీ. మీ అత్త మాటే వింటాను, నీ మిషను మాట విననా?" అన్నాడు జోగయ్య.

నాలుగో రోజు కబురొచ్చింది. ఇనప కమ్మీల లోడుతో ఘాటు దిగుతుంటే ముందు ఎడమ టైరు పేలింది. బండి లోయవైపు కాక కొండవైపు గుద్దుకుంది. జోగయ్య బతికాడు. కుడి మోకాలు నుజ్జయింది.

రోళ్ళు పగిలే ఎండల్లో టైరు పగలడం ఊరికి కొత్త కాదు. కొత్త సంగతి మిషను.

"ముందే సెప్పినాదంట! రెండుసార్లు కూసినాదంట! జాగర్తపడబట్టే జోగయ్య బతికినాడంట!" అని టీకొట్టు మోగిపోయింది.

రంగనాథం స్వయంగా గాలికొట్టుకి వచ్చాడు. "జ్ఞానానందం, నీ కూతురు మిషను నేకపోతే జోగయ్య మనకి దక్కకపోను. శనివారం పొద్దున్న మిగతా ఆరు బండ్లకీ బిగించేయండి. నేను కొబ్బరికాయ కొడతాను, మీ పాస్టరుగారి సేత ప్రార్దన సేయించు. ఎవుల దేవుడు ఖాళీగా ఉంటే ఆయన సూసుకుంటాడు."

దీవెన కళ్ళు తుడుచుకుంది. "పని చేసింది నాన్నా. పేలకముందే చెప్పింది."

జ్ఞానానందానికి ఆ రెండు రోజులూ నేల మీద కాళ్ళు లేవు. గురువారం మధ్యాహ్నం దెబ్బతిన్న లారీని లాక్కొచ్చి షావుకారు యార్డులో పెట్టారు. పేలిన టైరు చూడ్డానికి వెళ్ళాడు.

మనిషి చచ్చాక అబద్ధమాడలేడు, టైరూ అంతే. గాలి ఎక్కువై పేలిన టైరు ఒక రకంగా చీలుతుంది. ఇది పక్కగోడ పొడుగునా, జిప్పు విప్పినట్టు చీలింది. లోపల చెయ్యి పెడితే నల్లటి రబ్బరు పొడి వేళ్ళకంటింది. గాలి చాలక, లోడు కింద మడత పడి పడి, లోపల్లోపల కాలి చచ్చిన టైరు అది.

రాడ్డు తీసి మిగతా తొమ్మిది కొట్టాడు. తల ఎడమకి తిప్పి మరీ విన్నాడు. దబ్బు, దబ్బు, దబ్బు. చెవి మీద నమ్మకం చాలక గేజి పెట్టాడు. ఎనభై రెండు. ఎనభై నాలుగు. ఎనభై రెండు.

తన చేత్తో నూట పది కొట్టిన గాలి. కారితే ఒకటి కారుతుంది, తొమ్మిదీ ఒకేలా కారవు. ఎవరో తీశారు.

శుక్రవారం పొద్దున ఆస్పత్రికి వెళ్ళాడు. జోగయ్య కాలు కట్టుతో మంచానికి వేలాడుతోంది. అతని భార్య పద్మకుమారి బత్తాయి ఒలుస్తోంది.

"బావా, గాలి ఎవుడు తీసినాడు?"

"నానే. మరెవుడు?" జోగయ్య గొప్పగా చెప్పాడు. "ఎల్లేటప్పుడు ఘాటెక్కేసరికి కూసినాది. సూస్తే నూట ఇరవయ్యారు! ఆపి, బిళ్ళలిప్పి మేకు మొనతో అన్నిటికీ నూట పదికి దించినాను. ఠక్కున నోరు మూసినాది. వచ్చేటప్పుడు కోరాపుట్ ముందర, మిట్టమద్దేనం మళ్ళీ కూత. ఈసారి వందకి దించేసినాను. పడుకున్న గుంటని మళ్ళీ మళ్ళీ లేపడమెందుకని. మర్నాడు పొద్దున్న సూస్తే కిక్కురుమననేదు."

ఎనభై రెండు. కిందిహద్దు ఎనభై. కిక్కురుమనదు మరి.

జ్ఞానానందం మనసులో లెక్క కట్టుకున్నాడు. పరుగెడితే టైరు వేడెక్కుతుంది, గాలి పొంగుతుంది. నూట పది నూట ముప్పై దాకా పోతుంది, నిలబడితే మళ్ళీ నూట పదికే దిగుతుంది. ఆ పొంగుని గాలికొట్టువాడెవడూ లెక్కచెయ్యడు. వేడి మీద గాలి తీస్తే, చల్లారాక చాలదు. చాలని టైరు ఇంకా వేడెక్కుతుంది. ఇంకా వేడెక్కితే దీపం ఇంకోసారి వెలుగుతుంది. ఆ పిల్ల ఎంత ఉండాలని అడిగింది. తాను చల్లగా ఉన్నప్పటి లెక్క చెప్పాడు, చల్లగా ఉన్నప్పుడని చెప్పలేదు. అది కూడా ఒకరికి చెప్పాల్సిన మాటే అని తోచలేదు.

"ఇరవయ్యేళ్ళు బండి తోలినావు. ఏడి టైరుకి గాలి తియ్యకూడదని నీకు తెల్దేటి బావా?"

"తెలుసు. ఇన్నాళ్ళూ అంకె కనబడనేదు, బయం నేదు. ఇప్పుడు ఎర్రగా కనబడతంటే? నీ కూతురు సేసినాది, నువ్వు బిగించినావు. మీ ఇద్దరి మాట కాదని నా మాట నానెలగ వింటాను?"

పద్మకుమారి బత్తాయి తొన చేతిలో పట్టుకుని జ్ఞానానందం ముఖంలోకి చూసింది. అతను వస్తానని కూడా చెప్పకుండా లేచాడు.

సాయంత్రం ఇంట్లో దీవెన ఆరు పెట్టెలూ వరసగా పెట్టుకుని పరీక్షిస్తోంది. భార్య లీలారాణి టీ ఇచ్చి, "ఏటలా ఉన్నావు? నోటికి పంచరా?" అంది. మామూలుగా అయితే ఆ మాట మీద పది మాటలు అల్లేవాడు. ఆ రోజు గాలి కూడా రాలేదు.

చివరికి, కాలిమడమ గోక్కుంటూ, "అమ్మీ, పైహద్దు నూట నలబై పెట్టు," అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఎండాకాలం కదా. ఊరికే కూస్తే డ్రైవర్లు ఇసుక్కుంటారు."

దీవెన కాసేపు అతని వైపు చూసింది. తరవాత మార్చింది. హమ్మయ్య అనుకున్నాడు జ్ఞానానందం. అంకె మారింది, ప్రమాదం పోయింది. ఎవరి పేరుకీ మచ్చ లేదు. జోగయ్య మోకాలికి కారణం ఎండ. ఎండ మీద ఎవరూ కేసు పెట్టరు.

శనివారం పొద్దున యార్డులో ఆరు లారీలూ పసుపు కుంకాలతో నిలబడ్డాయి. కొబ్బరికాయ పగిలింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు, షావుకారు కాస్త గట్టిగానే అన్నాడు. దీవెన బిళ్ళలు బిగిస్తూ ఒక్కో బండీ దాటుతోంది. మూడో బండి డ్రైవరు యుగంధర్, పాతికేళ్ళవాడు, జేబులోంచి ఒక మేకు తీసి జ్ఞానానందానికి చూపించాడు.

"సూసినావా మావా, మొన సన్నగా అరగదీసినాను."

"ఏటికిరా అది?"

"గాలి తియ్యడానికి. ఆస్పత్రికెల్తే జోగయ్య మావ అందరికీ సెప్పినాడు కదా. ఎండెక్కితే మిషను కూసేదాకా కూడా ఆగొద్దు, ఆపి పదో పదిహేనో దించుకుంటే బండి సేఫు అని. మేమందరం తయారు సేసుకున్నాం."

మిగతా అయిదుగురు డ్రైవర్లూ నవ్వుతూ జేబులు తట్టుకున్నారు.

మిషనులో అంకె మార్చాడు సరే. ఆరు జేబుల్లో ఉన్న మేకులకి ఏ హద్దు పెడతాడు? ఇంజన్లు ఒక్కొక్కటీ స్టార్టవుతున్నాయి. జ్ఞానానందం మొదటి లారీ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఇంజన్లు ఆపండొరే! ఆపండి!"

ఆగాయి. అతని గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు, అంత వణుకుతూ కూడా వినలేదు.

"జోగయ్యని మిషను కాపాడనేదు. గాలి ఎక్కువై పేలనేదు ఆ టైరు, గాలి సాలక పేలినాది. పైహద్దు తప్పు. ఏడెక్కితే గాలి పొంగుతాదని నాను నా కూతురికి సెప్పనేదు. మిషను ఊరికే కూసినాది, అది కూసిందని జోగయ్య గాలి తీసినాడు. నిన్నే తెలిసినాది నాకు. తెలిసీ అంకె ఒక్కటే మార్పించి నోరు మూసుకున్నాను. ఆ మేకులు పారేయండి. ఏడి టైరు ముట్టొద్దు."

రంగనాథం చేతిలో కొబ్బరిచెక్క అలాగే ఉండిపోయింది. "మరి... జోగయ్య మోకాలు?" అన్నాడు చివరికి.

దీవెన నాలుగో బండి దగ్గర కూర్చుని ఉంది. లేచి వచ్చి తండ్రిని దాటి, షావుకారు ఎదుట నిలబడింది.

"ఎండలో, లోడుతో చూడకుండా ఇచ్చాను బాబూ. అది నా తప్పు." వెనక్కి తిరిగి, బిగించిన బిళ్ళలన్నీ ఒకటొకటిగా విప్పడం మొదలెట్టింది. జ్ఞానానందం సాయం పట్టబోతే, "నువ్వుండు నాన్నా," అంది. నిన్నటి నూట నలభై గురించి ఆ పిల్ల అతన్ని ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుణ్ణనిపించింది.

అక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళింది. వెనక జ్ఞానానందం. మంచం పక్కన నిలబడి అంతా చెప్పింది.

"అయితే నాకు తెలిసిందే రైటన్నమాట," అన్నాడు జోగయ్య మెల్లగా.

"అవును మావయ్యా."

"ఆ ముక్క మోకాలు పోకముందు తెలిస్తే బాగున్ను."

పద్మకుమారి అప్పుడు నోరు విప్పింది. "మళ్ళీ సేస్తావా ఈ మిషను?"

దీవెన తల దించుకుని, "చేస్తానత్తా," అంది.

"అయితే అది కూసినప్పుడు బండిలో నువ్వుండు. మా ఇళ్ళలో మగోళ్ళని కాదు, నిన్ను కూకోబెట్టుకుని సూడు."

దీవెన సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. "ఉంటాను. మావయ్యా, మొదటినుంచి చెప్పు. ఎక్కడ కూసింది, ఎండెంత, లోడెంత?" జోగయ్య చెప్పాడు. తరవాత తండ్రి వైపు తిరిగి, "నువ్వూ. అందరికీ తెలుసని నువ్వనుకునేవన్నీ," అంది. జ్ఞానానందం ముప్పై ఏళ్ళు మాట్లాడినవాడు, ఎక్కడ మొదలెట్టాలో తెలియక గోడకేసి చూశాడు.

మళ్ళీ వేసవి వచ్చేదాకా షావుకారు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఒక్క బండే ఇచ్చాడు. యుగంధర్ డ్రైవరు. పక్క సీట్లో దీవెన, ఒళ్ళో పెట్టె, నోటుపుస్తకం. టీకొట్టు బల్ల మీద జోగయ్య కర్ర పక్కన పెట్టుకుని, వంగని కాలు చాపుకుని కూర్చున్నాడు.

తెల్లవారుజాము చల్లదనంలో జ్ఞానానందం పది టైర్లూ కొట్టి విన్నాడు. గేజి పెట్టి చూశాడు. మొదటి టైరు దగ్గరకొచ్చి మళ్ళీ చూశాడు.

"నాన్నా, ఎంత?" పైనుంచి దీవెన అడిగింది.

"నూట పది," అన్నాడు. బండి కదలబోతుంటే కేబిను తలుపు పట్టుకుని పక్కనే నాలుగడుగులు నడిచాడు. "ఇప్పుడు, సల్లగా ఉన్నప్పుడు. మద్దేనానికి పెరుగుతాది. పెరగనీ అమ్మీ, ముట్టొద్దు. ఇనపడతందా?"

ఇంజను మోతలో దీవెన ఏదో అంది. కుడిచెవి వైపు అంది. అతనికి వినబడలేదు. లారీ కొండ రోడ్డెక్కి చిన్నదైపోయేదాకా నిలబడి, వచ్చి బల్ల మీద జోగయ్య పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ టీ ముట్టలేదు.

"ఎండెక్కతంది," అన్నాడు జోగయ్య.