మిషన్ మీద గోనెసంచి

పోచయ్యది గోబి తోట. పువ్వు పిడికిలంత కాగానే దాని ఆకులే పైకి మడిచి కట్టాలి, లేకుంటే ఎండకు పసుపెక్కుతుంది. తండ్రి నాటి నుంచీ అదే పని. పక్క ఫ్యాక్టరీవాళ్లు బొగ్గు కాల్చి సొంతంగా కరెంటు తయారుచేసుకోవడం మొదలుపెట్టాక, కట్టిన ఆకుల సందుల్లోంచి కూడా మంచుతోపాటు బూడిద దిగసాగింది. పటాన్‌చెరు మార్కెట్లో బేరగాళ్లు పువ్వు విప్పి చూసి, "ఏంది పోచన్నా, పొయ్యిల పండించినవా?" అని పక్కకు నెట్టేవాళ్లు.

పొగ గొట్టంలోకి పోయేలోపు బూడిదను పట్టే బట్ట సంచులు ఫ్యాక్టరీలో ఉన్నాయి. అవి చినిగిపోయాయని అందులో పనిచేసేవాళ్లే చెప్పారు. మార్చమని ఊరు అడిగితే, గాలి మంచిగానే ఉందన్నాడు మేనేజర్. ఊరు కాలుష్యం ఆఫీసుకు పోయింది. అక్కడినుంచి పవన్ అనే కుర్ర ఆఫీసరు వచ్చి, పోచయ్య డాబా మీద గాలి పీల్చే మిషన్ పెట్టాడు. లోపల తెల్ల కాగితం. రేపటికల్లా అది నల్లబడితే కంపెనీ సంచులు మార్చక తప్పదు.

"జెర పైలంగ చూసుకో తాతా," అన్నాడు పవన్.

పోచయ్య పైలంగానే చూసుకున్నాడు. పవన్ బండి మలుపు తిరగకముందే గోనెసంచి తడిపి తెచ్చి, మిషన్ మీద కప్పి, సుతిలితో బిగించాడు. తెల్లని వస్తువును ఆరుబయట వదిలేసి రావడం ఆయన చేతులకు తెలియదు.

మర్నాడు సంచి విప్పి మడతపెట్టి కూర్చున్నాడు. పవన్ కాగితం తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"మీ ఊరి గాలి మస్తుంది తాతా."

"మస్తుంటే గోనెసంచి ఎందుకు కప్పుత సారూ?"

"దేనికి కప్పినవ్?"

"మిషన్‌కు."

చాయ్ తెచ్చిన భార్య నర్సింహమ్మ మెట్ల మీదే ఆగింది. "నేను చెప్పిన సారూ, దానికి ఊపిరాడదని. వింటడా? కొత్త టీవీకి గూడ గట్లనే కట్టిండు."

పవన్ చాయ్ మొత్తం తాగి, ఇంకో కాగితం పెట్టాడు. "ఇగ ముట్టకు. రేపు మిషన్ వేరే ఊరికి పోతది. ఇది గూడ తెల్లగొస్తే నా చేతిల ఏం లేదు."

పోచయ్య మిషన్ ఎదుట చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు ఫ్యాక్టరీ మేనేజర్ డాబా ఎక్కాడు.

"పెద్దాయనా, ఖరీదైన మిషన్. దుమ్ము పడి ఖరాబైతే నీ మీదికొస్తది. ఏదన్న కప్పరాదూ?"

ఆ మాట పోచయ్యకు న్యాయంగానే తోచింది. చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి కూడా. అంతలో ఒక సందేహం వచ్చింది.

"దుమ్మెక్కడిది సారూ? గాలి మంచిగుందంటిరి గద?"

మేనేజర్ వాచీ చూసుకుని దిగిపోయాడు.

మర్నాడు కాగితం రొట్టెలు కాల్చే పెంకంత నల్లగా వచ్చింది. కంపెనీకి నోటీసు వచ్చింది, ఆ వెనక కొత్త సంచులూ వచ్చాయి. ఈలోగా ఆ పంట నల్లబడే పోయింది. బర్రెలు తిన్నాయి. అవి రంగు చూడలేదు.

తర్వాతి పంట మార్కెట్లో దించితే బేరగాడు ఒక పువ్వు విప్పాడు. తెల్లగా ఉండేసరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏం మందు కొట్టినవ్ పోచన్నా?"

"నేనేం కొట్టలే. కంపెనోళ్లు సంచులు మార్చిండ్రు."

బేరగాడు నమ్మలేదు. గంపలు మాత్రం దించుకున్నాడు.