బల్ల మీద పేరుకున్న ఆరోగ్యం

మా ఆయన వడ్రంగి. ఈ చుట్టుపక్కల సగం ఇళ్లవాళ్లు ఆయన చేసిన బల్లల మీదే భోంచేస్తారు. మా ఇంట్లో మాత్రం ఎవరం బల్ల దగ్గర తినం. ఎందుకంటే మా బల్ల కనపడదు. దాని మీద మా ఆరోగ్యం పేరుకుపోయి ఉంటుంది.

ఆరోగ్యమంటే నా ఉద్దేశం జ్యూసర్లు. పొద్దున్నే పండ్లరసం తాగాలని నేనొకటి కొన్నాను. దాన్ని కడగలేక, కడగడం తేలికని ఎవరో చెబితే ఇంకొకటి కొన్నాను. నూనె లేకుండా వేయించే మిషను కోసం పెద్దమ్మాయి రెండ్రోజులు మాట్లాడడం మానేసి కొనిపించింది. మొలకలు పెట్టుకునే అంతస్తుల డబ్బా, కూరగాయల్ని చక్రాల్లా తరిగే యంత్రం, తిండిని తూచే బుల్లి త్రాసు మా ఆయన చలవ. ఆయనకు ఎవరికీ వద్దని చెప్పడం రాదు. గుమ్మంలో నిలబడి ఎవరైనా చెమట తుడుచుకుంటే చాలు, వాళ్ల సంచిలో ఉన్నది కొనేస్తాడు. వాటన్నిటి మీదా దుమ్ము పడకుండా మా అత్తయ్య పాత చీర ఒకటి కప్పి ఉంచింది.

ఇక మా భోజనాల సంగతి. పెద్దది మంచం మీద ఫోను చూస్తూ నూడుల్స్ తింటుంది. చిన్నది టీవీ ముందు చిప్స్ నములుతుంది. కూరగాయ పేరెత్తితే దానికి కడుపునొప్పి వస్తుంది. అత్తయ్య తన కుర్చీలో కూర్చుని బిస్కెట్లు టీలో ముంచుకుంటుంది. మా ఆయన షాపు దగ్గరే ఏ పఫ్‌లో లాగించి వచ్చి, ఆకలిగా లేదంటాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తాను. అయిదుగురం ఒకచోట కూర్చుని ఒక్క పూటైనా కడుపునిండా వండుకున్నది తినాలని నా కోరిక. అందుకోసం బతిమాలాను, అరిచాను, చివరికి అలిగాను. నేను అలిగానన్న సంగతి ఎవరికీ తెలియకపోవడంతో నేనే అలక మానాను.

అలాంటి రోజుల్లో ఓ సాయంత్రం హాస్టలు నడిపే మేడం ఒకావిడ బల్ల చేయించుకుందామని మా ఇంటికి వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పాత చీర కింద నుంచి బల్ల కాలు చూసింది. వంగి తట్టింది, నిమిరింది, ఇదే కావాలంది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తల మాత్రం ఊపుతూనే ఉన్నాడు. ఎల్లుండి సాయంత్రం వ్యాను తెస్తానని, అడ్వాన్సు చేతిలో పెట్టి ఆవిడ వెళ్లిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. పీడా విరగడవుతుంది, గది విశాలంగా ఉంటుంది అనుకున్నాను.

వెంటనే కొంగు బిగించాను. బల్ల మీదవన్నీ దింపాం. దింపుతుంటే అవి పిల్లలు పెట్టినట్టు పెరిగిపోయాయి. సోఫా నిండింది. మంచాలు నిండాయి. టీవీ ముందు డబ్బాల గోడ లేచింది. అత్తయ్య కుర్చీలో జ్యూసరు కూర్చుంది. వంటింట్లో ఒక్క పొయ్యి మాత్రం చేతికందుతోంది. బియ్యం, పప్పు, ఇంట్లో ఉన్న కూరగాయలు అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించాను. తీరా చూస్తే ఇల్లు మొత్తం మీద కూర్చోవడానికి చోటున్నది బల్ల చుట్టూనే. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. వేరే గతిలేక అయిదుగురం కూర్చున్నాం.

ఎదురెదురుగా కూర్చుంటే మా మొహాలు మాకే కొత్తగా ఉన్నాయి. మా ఆయన బల్లని అరచేత్తో రాస్తూ, తను సొంతంగా చేసిన మొదటి బల్ల ఇదేనని, ఒక కాలు కాస్త పొట్టిదని, ఆ కాలికింద చెక్కముక్క పెట్టి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చానని ఒప్పుకున్నాడు. దాంతో అత్తయ్యకు ఊపొచ్చింది. చిన్నప్పుడు ఈయన్ని వీధిలో అయిదిళ్లవాళ్లు భోజనానికి పిలిచారట. వద్దనలేక అయిదిళ్లలోనూ తిన్నాడట. సాయంత్రం నలుగురు పట్టి మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెడితే, ఆరో ఇంటావిడ వచ్చి పిలిచిందట. అప్పుడు కూడా తల ఊపాడట. పెద్దది నవ్వుతూ పొలమారి, ముక్కులోకి మెతుకు పోయి, కన్నీళ్లు కారుతున్నా నవ్వు ఆపలేకపోయింది. ఆ గోలలో చిన్నది చూసుకోకుండా సొరకాయ ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. నేను ఊపిరి బిగబట్టి గోడవైపు చూస్తూ కూర్చున్నాను. చూసినట్టు తెలిస్తే ఉమ్మేస్తుంది.

మర్నాడు సాయంత్రం మళ్లీ అదే గిన్నె, అదే బల్ల. ఈసారి మా ఆయన పెందలాడే ఇంటికొచ్చాడు, పైగా ఆకలితో వచ్చాడు. పెద్దది ఫోను ఎక్కడో మరిచిపోయి వచ్చి, నానమ్మని ఆరో ఇంటావిడ సంగతి చెప్పమంది. నాకు లోపల్లోపల గంతులేయాలనిపించింది. అంతలోనే రేపు వ్యాను వస్తుందని గుర్తొచ్చి గుండెలో రాయి పడింది.

వచ్చింది. మేం సరిగ్గా తినడానికి కూర్చున్నప్పుడే వ్యాను గుమ్మం ముందు ఆగింది. మేడం, ఆవిడతో బల్ల మోయడానికి ఇద్దరు మనుషులు దిగారు. మా ఆయన ఖాళీ కంచం వదిలేసి ఎదురెళ్లాడు. భోజనాల వేళని మాత్రం నసిగాడు. ఫర్వాలేదు, తినేదాకా ఆగుతానని, తింటున్నవాళ్లని లేపేంత పాపిష్టిదాన్ని కానని మేడం మంచిగానే అంది.

ఆ మాట చిన్నది విన్నది. కంచం ముందుకు తోసి, ఇంకొంచెం పెట్టమంది. పెట్టాను. తినేసింది. మళ్లీ తోసింది.

"సొరకాయ ముక్కలు ఎక్కువ వెయ్యమ్మా" అంది.

పెద్దదానికి విషయం అర్థమై అదీ కంచం తోసింది. అత్తయ్య పళ్లు లేవన్న సాకుతో ఒక్కో మెతుకూ విడివిడిగా నమలడం మొదలుపెట్టింది. నేనూ తగ్గలేదు. గుమ్మంలో మోసేవాళ్లు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. మా ఆయన మేడం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాడు. చిన్నదాని బుగ్గలు ఉబ్బిపోయాయి, కళ్లు తేలేస్తోంది, అయినా గరిటె వైపు చెయ్యి చూపిస్తోంది. గిన్నె అడుగు గీకిన చప్పుడు వినపడింది. అందరం ఆగిపోయాం. ఇక తినడానికేం లేదు.

"ఇవ్వనండి" అన్నాడు మా ఆయన.

ఆ గొంతు ఎవరిదోనని నేను కూడా చుట్టూ చూశాను. ఆయనదే. చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించండి. ఇది అమ్మేది కాదు. మేం భోంచేసే బల్ల. మీకు ఇంతకంటే మంచిది చేసిస్తాను, దాని నాలుగు కాళ్లూ సమానంగా ఉంటాయి" అంటూ అడ్వాన్సు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి నా మొగుణ్ణి చూసి కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడ్డాను.

మేడం మొహం కాసేపు ముడుచుకుంది. తర్వాత ఆవిడ చూపు చిన్నదాని మీద పడింది.

"బల్ల సంగతి తర్వాత. మా హాస్టల్లో పిల్లలు సొరకాయ చూస్తే పారిపోతారు. దీనికెలా తినిపించారో చెప్పండి ముందు" అంది.

"బల్ల ఎత్తుకుపోతామని బెదిరించాలండీ" అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వేసింది. మోసేవాళ్లు కూడా నవ్వారు. కొత్త బల్లకి కొలతలు చెప్పి, మొలకల డబ్బా అక్కడ ఉంటే అది మాత్రం అడిగి పట్టుకుని వ్యానెక్కింది.

వ్యాను వీధి మలుపు తిరిగాక మా ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గిన్నెలోకి తొంగిచూసి, మా నలుగురి వంకా చూశాడు.

"మరి నాకు?" అన్నాడు.

మెతుకు లేదు. ఆయన బల్లని కాపాడే హడావిడిలో ఆయన వాటా కూడా తినేశాం. పొట్టలు పట్టుకుని నవ్వుదామంటే పొట్టల్లో చోటు లేదు. నేను లేచి మళ్లీ పొయ్యి వెలిగించి గిన్నె ఎక్కించాను. అది ఉడికేసరికి చాలాసేపు పట్టింది. తెచ్చి ఆయన ముందు పెట్టి చూద్దును కదా, పెద్దది అక్కడే ఉంది, చిన్నది బల్ల మీద తల ఆనించి అక్కడే ఉంది, అత్తయ్యా అక్కడే ఉంది. తినడానికేం లేదు, తినే ఓపిక అసలే లేదు. అయినా ఆయన తినడం అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.